కొడైకెనాల్ అబ్జర్వేటరీకి బయల్దేరే ముందు

నల్గొండ ఎండలో బ్యాగు సర్దుతుంటే స్వెట్టర్ గుర్తుకే రాదు. పోయినసారి మా బాబాయి పల్చటి కాటన్ చొక్కాతో వచ్చి, తువ్వాల చెవులకు చుట్టుకుని గజగజ వణికాడు. అబ్జర్వేటరీ ఉన్నది 2,343 మీటర్ల ఎత్తున, మే నెలైనా సరే చలిబట్టలు పెట్టుకోండి.

సొంత బండైతే కొండెక్కడానికి కావాల్సిన ఈ-పాస్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. సందర్శకుల వేళలు ఫోన్ చేసి కనుక్కోండి. ఘాట్ రోడ్డు మలుపులకు పిల్లలు కక్కుతారు, కవర్లు చేతికందేలా ఉంచండి, పొట్ట నిండా పెట్టకండి.

1899లో పెట్టిన ఈ అబ్జర్వేటరీ పని ముఖ్యంగా సూర్యుడితోనే, అందుకే మబ్బు కమ్మకముందే పొద్దున్నే పోవడం మేలు. సూర్యమచ్చల్లో వాయువులు బయటికి పారుతున్నాయని 1909లో ఎవర్‌షెడ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టింది ఇక్కడే. మీ బైనాక్యులర్స్ మాత్రం సూర్యుడి వైపు తిప్పనివ్వకండి, కళ్లు పోతాయి.