అనంతపురంలో కొత్త ఇంట్లో చేరేముందు క్రెడిట్ కార్డు విషయంలో జాగ్రత్తలు

పాలు పొంగించే ముందే అడ్వాన్సు, సామాను లారీ కిరాయి, గ్యాస్ కనెక్షన్ వంటి తప్పనిసరి ఖర్చులను కాగితంపై రాసుకొని, వాటికి సరిపడే నగదును విడిగా ఉంచుకోవాలి.

ఇక్కడి ఎండలకు జడిసి కూలరు, ఫ్రిజ్ ఒకే వారంలో కార్డుపై కొనేవారు, బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టి ఊరుకుంటే, మిగిలిన బాకీకే కాక కొత్త కొనుగోళ్లకు కూడా వడ్డీ లేని గడువు పోయి, చాలా కార్డులలో నెలకు 3 శాతానికి పైగా వడ్డీ, ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ పడతాయని ముందే గ్రహించాలి.

కార్డుతో ఏటీఎంలో నగదు తీయకూడదు. చాలా కార్డులలో తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

వడ్డీ లేని వాయిదాలని దుకాణదారు చెప్పినా, ప్రాసెసింగ్ రుసుము ఎంతో, నగదుకైతే ధర ఎంత తగ్గిస్తారో (మొహమాటపడకుండా) అడగాలి.

బ్యాంకులో చిరునామా మార్పించుకోవాలి.