కొబ్బరి చెక్కతో ల్యాప్‌టాప్ పీట

ల్యాప్‌టాప్‌ని నేరుగా బల్ల మీద పెట్టుకుని పనిచేస్తే రోజంతా తల వంచే కూర్చోవాలి. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. దాన్ని ఎత్తుగా నిలబెట్టే పీట ఒకటి ఉంటే చాలు. కోనసీమలో ఉన్నవాళ్లు అందుకోసం ప్లైవుడ్ వెతుక్కోనక్కర్లేదు. ముదురు కొబ్బరి మాను కోస్తే గోధుమ రంగు మీద నల్లటి సన్నగీతలు బయటపడతాయి. ఆ అందానికి రంగు వేయాల్సిన పనే ఉండదు.

ముందు కొలతలు. రోజూ కూర్చునే కుర్చీలో నిటారుగా కూర్చుని, బల్ల నుంచి కంటి దాకా ఎంత ఎత్తుందో ఇంట్లోవాళ్ల చేత కొలిపించండి. ల్యాప్‌టాప్ తెరిచి, బల్ల నుంచి స్క్రీన్ పైఅంచు దాకా ఎత్తు చూడండి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి, ఇంకో 2 సెం.మీ. తగ్గించండి. కంటి ఎత్తు 40, స్క్రీన్ ఎత్తు 23 అయితే పీట 15 సెం.మీ. ఉండాలి. చూపు కాస్త కిందికే ఉండాలి, పైకి చూడాల్సి వస్తే మెడ ఇంకోలా నొప్పెడుతుంది. ఇంత ఎత్తులో ల్యాప్‌టాప్ మీదే టైపు చేస్తే భుజాలు లాగేస్తాయి కాబట్టి విడి కీబోర్డు, మౌస్ తప్పనిసరి. పని అయ్యాక ఆ కీబోర్డు పీట కిందికి దూరాలి. అంకెల మీటలున్న పెద్ద కీబోర్డు 44, 45 సెం.మీ. పొడవుంటుంది. చాలామంది ల్యాప్‌టాప్ వెడల్పు చూసి పీట చేయించుకుని ఇక్కడే దెబ్బతింటారు. కాళ్ల మధ్య 46 సెం.మీ. ఖాళీ ఉంచండి.

ఇక చెక్క. మిగతా చెట్లకు చేవ లోపలుంటే కొబ్బరికి బయట ఉంటుంది. మాను నడిమి భాగం బెండులా మెత్తగా ఉంటుంది, స్క్రూ పట్టదు. యాభై అరవై ఏళ్లు దాటిన చెట్టు మొదలు వైపు, బయటి అంచు కోతే అడగండి. బొటనవేలి గోటితో గట్టిగా నొక్కితే గుంట పడిన చెక్క తీసుకోవద్దు. గట్టి భాగం మందం తక్కువ కనుక వెడల్పాటి పలక రాదు. అదీ మంచిదే. సన్నబద్దలు వాడి మధ్యలో సందు వదిలితే ల్యాప్‌టాప్ ఫ్యాన్‌కు గాలి ఆడుతుంది, వానాకాలంలో చెక్క ఉబ్బినా బద్దలు ఒకదాన్నొకటి నెట్టుకోవు.

పచ్చి చెక్కతో పని మొదలుపెట్టకండి. దాంట్లోని చక్కెరకు తెల్లటి బూజు వచ్చేస్తుంది, ఆరాక బద్ద మెలి తిరుగుతుంది. నీడలో, బద్దకూ బద్దకూ మధ్య పుల్లలు పెట్టి రెండు మూడు నెలలు ఆరనివ్వండి. వారానికోసారి ఒక బద్దను వంటింటి త్రాసు మీద తూచండి. వరసగా రెండు వారాలు బరువు మారకపోతే ఆరినట్టే.

7 సెం.మీ. వెడల్పు, 2 సెం.మీ. మందమున్న బద్ద, వృథాతో కలిపి 4 మీటర్లు కావాలి. దాన్నుంచి:

పై బద్దలు 3, ఒక్కోటి 52 సెం.మీ.
కాళ్లు 4, ఒక్కోటి 13 సెం.మీ.
అడ్డపట్టీలు 2, ఒక్కోటి 23 సెం.మీ. (వీటిని 4 సెం.మీ. వెడల్పుకు చీల్చండి)
వెనక బద్ద 1, 50 సెం.మీ.

ఈ కొలతలు 15 సెం.మీ. పీటకు. మీ ఎత్తు వేరైతే కాళ్లు మాత్రమే మార్చండి. కొబ్బరి చెక్కలో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, మామూలు రంపం పళ్లు త్వరగా మొద్దుబారతాయి. కార్బైడ్ పళ్ల బ్లేడు వాడండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి.

ఒక్కో అడ్డపట్టీ రెండు చివర్లా ఒక్కో కాలు పెట్టి, పైఅంచులు సమంగా కలిపి, కాలి బయటి వైపు నుంచి 30 మి.మీ. స్క్రూలు రెండేసి బిగించండి. ఇక్కడ రెండు చెక్కలూ కలిపి 4 సెం.మీ. మందమే, 38 మి.మీ. స్క్రూ తల కాస్త లోపలికి దిగితే మొన లోపలి వైపు పొడుచుకురావచ్చు. తర్వాత అడ్డపట్టీల మీద పై బద్దలు, మధ్య 1 సెం.మీ. సందుతో, ఒక్కో చివరి నుంచి 4 సెం.మీ. లోపల 38 మి.మీ. స్క్రూలు రెండేసి బిగించండి. చివరగా వెనక బద్దను వెనక కాళ్లకు బయటి నుంచి, ఒక్కో కాలికి 38 మి.మీ. స్క్రూలు రెండేసి బిగించండి. ఇది లేకపోతే పీట పక్కలకు ఊగుతుంది. మొత్తం 38 మి.మీ.వి 16, 30 మి.మీ.వి 8.

సముద్రం దగ్గరి ఊళ్లలో ఇనప స్క్రూలు తుప్పు కారి చెక్కను నల్లగా చేస్తాయి. ఇత్తడివే వాడండి, గోధుమ చెక్క మీద ఆ తలలు మెరుస్తాయి కూడా. అయితే ఇత్తడి మెత్తన, ఈ చెక్కలో తల తెగిపోతుంది. 4 మి.మీ. మందం స్క్రూకు ముందు 3 మి.మీ. రంధ్రం వేసి, అదే సైజు ఇనప స్క్రూ ఒకసారి ఎక్కించి తీసేసి, అప్పుడు ఇత్తడిది బిగించండి.

80, 150, 240 నంబరు గరుకు కాగితాలతో వరసగా, గీతల వెంటే రుద్దండి. అవిసె నూనె పూస్తే తేమకు బూజు పడుతుంది. పీయూ (పాలీయురేథేన్) పాలిష్ పల్చగా రెండు పూతలు వేయండి, అడుగు భాగం, కోసిన చివర్లు వదలకుండా. తేమ ఎక్కువగా లాగేది ఆ చివర్ల నుంచే.

పక్కన క్లిప్పులకు, పెన్‌డ్రైవ్‌లకు కొబ్బరి చిప్ప ఒకటి పెట్టుకోవచ్చు. పీచంతా కత్తితో గీకి, నున్నగా రుద్దితే చాలు. కింద నరసాపురం లేసు ముక్క వేస్తే బాగుంటుంది గానీ, లేసును ల్యాప్‌టాప్ కింద మాత్రం పరచకండి, వదిలిన సందులు మూసుకుపోతాయి. వైర్లు కట్టడానికి పీచు తాడు వద్దు. దాని నలుసులు కీబోర్డులోకి రాలతాయి. నూలు తాడు మేలు.

పీటను బల్ల మీద పెట్టి నాలుగు మూలలా నొక్కి చూడండి. ఊగితే చదునైన చోట 80 నంబరు కాగితం పరిచి, ఊగడం ఆగేదాకా కాళ్లను దాని మీద రుద్ది, అప్పుడు రబ్బరు బుష్‌లు అంటించండి.