దుఃఖానికీ ఆపదకూ ఇంగ్లీషు మాటలు: ఏది ఎక్కడ రాయాలి

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తెరిస్తే గ్రీఫ్, సారో, మిజరీ, డిస్ట్రెస్, యాంగ్విష్ అన్నింటికీ దుఃఖమనో బాధ అనో దాదాపు ఒకే అర్థం కనిపిస్తుంది. చదివి అర్థం చేసుకోవడానికి అది చాలు. కొడుకును పోగొట్టుకున్న సహోద్యోగికి ఉత్తరం రాయవలసి వచ్చినప్పుడో, వరద నష్టంపై నివేదిక పంపవలసి వచ్చినప్పుడో అది చాలదు. అందుచేత మాటను ఎంచుకునే ముందు, చెప్పదలచుకున్నది జరిగిన సంఘటన గురించా, దానివల్ల మనిషికి పట్టిన స్థితి గురించా, అతని మనసులోని వేదన గురించా అన్నది తేల్చుకోవాలి.

సంఘటనను చెప్పే మాటల్లో తేడా ఎంతటిదో భోపాల్ ఉదంతంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు వెలువడి వేలాది మందిని బలిగొన్న ఆ ఘటనను, పరిహారం కోసం 1985లో పార్లమెంటు చేసిన చట్టం 'భోపాల్ గ్యాస్ లీక్ డిజాస్టర్' అని పేర్కొంది. జనం నోటా పత్రికల్లోనూ నిలిచిపోయిన పేరు మాత్రం 'భోపాల్ గ్యాస్ ట్రాజెడీ'. డిజాస్టర్ అన్నప్పుడు దృష్టి నష్టం మీద, దాని విస్తృతి మీద ఉంటుంది. ట్రాజెడీ అన్నప్పుడు పోయిన ప్రాణాల మీద, అలా జరగకుండా ఉండవలసిందన్న ఆవేదన మీద ఉంటుంది. అందుకే ఒక్క పసివాడి మరణాన్ని కూడా ట్రాజెడీ అనవచ్చు గాని, డిజాస్టర్ అంటే ఆ కుటుంబానికి కటువుగా వినిపిస్తుంది. కరవు, తుపాను వంటి వాటికి మన ప్రభుత్వ కాగితాల్లో 'నేచురల్ కెలామిటీ' అన్న పేరు స్థిరపడింది. క్యాటాస్ట్రఫీ వీటన్నిటి కంటే తీవ్రమైనది కనుక దానిని పొదుపుగా వాడడం మేలు.

మిస్‌హాప్ విషయంలో మనవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. మన దేశపు ఇంగ్లీషు పత్రికలు ప్రాణాలు పోయిన ప్రమాదాన్ని సైతం 'రోడ్ మిస్‌హాప్' అని రాస్తుంటాయి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కూడా తన నిర్వచనంలో ఈ మాటను క్యాటాస్ట్రఫీ, కెలామిటీల సరసన చేర్చింది. అయినా బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఉన్న పాఠకుడికి మిస్‌హాప్ అంటే కాఫీ ఒలికిపోవడం వంటి చిన్న పొరపాటే స్ఫురిస్తుంది. మరణం సంభవించిన చోట ఆక్సిడెంట్ అనే రాయాలి.

ఇక స్థితిని చెప్పే మాటలు. మిస్‌ఫార్చ్యూన్ అంటే విధి వక్రించి మీదపడిన కష్టం. హార్డ్‌షిప్ చేతిలో డబ్బు, తినడానికి తిండి, ఉండడానికి వసతి కరవైన రోజులను చెబుతుంది. అడ్వర్సిటీ మనిషి ఎదురొడ్డి నిలిచిన కష్టకాలానికి నప్పుతుంది. డిస్ట్రెస్‌లో తక్షణ సాయం కావాలన్న సూచన ఉంటుంది: మునిగిపోతున్న ఓడ పంపేది డిస్ట్రెస్ సిగ్నల్, అప్పులవాళ్ల ఒత్తిడికి తాళలేక రైతు కళ్లంలోనే పంటను అయినకాడికి అమ్ముకోవడం డిస్ట్రెస్ సేల్. మిజరీ ఒక్కరోజులో తీరేది కాదు. పేదరికమో జబ్బో మనిషిని పట్టుకుని వదలకుండా కుంగదీసే దైన్యమది, అందులో దయనీయత కూడా ధ్వనిస్తుంది.

ఆ ధ్వని వల్లనే సంతాప లేఖలో మిజరీ ఎన్నడూ రాయకూడదు. 'యువర్ మిజరీ' అంటే ఓదార్పులా ఉండదు, ఎదుటివారి బతుకును హీనంగా చూసినట్లుంటుంది. అక్కడ తగినది గ్రీఫ్, ఎందుకంటే అది ప్రధానంగా పోగొట్టుకున్నందువల్ల కలిగే దుఃఖం, ముఖ్యంగా ఆత్మీయుల మరణం వల్ల కలిగేది. సారో దానికంటే నెమ్మదైనది, చాలాకాలం మనసులో ఉండిపోయేది. యాంగ్విష్ భరించలేని వేదన. తప్పిపోయిన బిడ్డ ఆచూకీ కోసం ఎదురుచూసే తల్లిదండ్రులకు ఆ మాట సరిపోతుంది. అయితే గ్రీఫ్‌ను కూడా ఉత్తరంలో పదేపదే తేనక్కరలేదు. 'ఐ యామ్ సో సారీ ఫర్ యువర్ లాస్' అని మొదలుపెట్టి, పోయినవారి పేరు రాసి, వారిలో మీరు స్వయంగా చూసిన ఒక మంచిని రెండు వాక్యాల్లో చెప్పి, చేయగలిగిన సాయమేదైనా ఉంటే అదేమిటో స్పష్టంగా రాయండి.