పాత వీడియో కార్డుతో డెబియన్ అప్‌గ్రేడ్: ముందే చూసుకోవలసినవి

పదిహేనేళ్ల నాటి వీడియో కార్డు ఉన్న కంప్యూటర్‌లో డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త విడుదలకు మార్చాక తెర నల్లబడితే, కార్డు పోయిందని చాలామంది తేల్చేస్తారు. కంప్యూటర్ మొదలవగానే వచ్చే గ్రబ్ మెనూ చక్కగా కనిపించి, ఆ తర్వాతే తెర ఆరిపోతే ముందు అనుమానించవలసింది కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌ను.

అందుకే అప్‌గ్రేడ్ మొదలుపెట్టకముందే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌ను ఎన్ఎన్‌కే ఆప్షన్‌తో (lspci -nnk) నడపండి. కార్డు పేరు, దాన్ని నడుపుతున్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) డ్రైవర్ పేరు కనిపిస్తాయి. రెండూ కాగితం మీద రాసుకోండి. తెర ఆరాక ఆ కంప్యూటర్‌లోని ఫైలు ఎటూ చదవలేరు.

అక్కడ ఎన్విడియా సొంత డ్రైవర్ ఉంటే అసలు చిక్కు అదే. జీఫోర్స్ 8, 9, 200 శ్రేణులకు చివరిది 340 డ్రైవర్. దానికి మద్దతు 2019తో ముగిసింది. ఫెర్మీ అనే తరానికి చెందిన 400, 500 శ్రేణి కార్డులకు 390; అదీ 2022తో ఆగిపోయింది. కెర్నల్ లోపలి ఏర్పాట్లు మారుతూనే ఉంటాయి కనుక పాత డ్రైవర్ కొత్త కెర్నల్‌తో కంపైల్ కాకపోవచ్చు, అంటే పనిచేసే రూపంలోకి మారకపోవచ్చు. ఆ ఎర్రర్ అప్‌గ్రేడ్ సందేశాల వరదలో కొట్టుకుపోతుంది, మీకు కనబడదు. ఎవరో చేసిన ప్యాచ్‌లు దొరుకుతాయి గానీ, ప్రతి కెర్నల్‌కూ మళ్లీ వెతుక్కునే ఓపిక ఉంటేనే వాటి జోలికి వెళ్లండి. పాత విడుదలలో ఉండగానే ఎన్విడియా ప్యాకేజీలు తీసేసి, నువో అనే ఓపెన్‌సోర్స్ డ్రైవర్‌తో ఒకసారి బూట్ చేసి చూడటం మేలు. నువోను అడ్డుకునే బ్లాక్‌లిస్ట్ ఫైలు మోడ్‌ప్రోబ్ డైరెక్టరీలో మిగిలిందేమో, తెర అమరికలుండే పాత ఎక్స్ఆర్గ్ కాన్ఫ్ ఫైలు ఇంకా ఎన్విడియా పేరే చెబుతోందేమో చూడండి. ఆటలకు నువో వేగం చాలదు. రాతకోతలకు, బ్రౌజర్‌కు సరిపోతుంది.

ఏఎండీ రేడియాన్ కార్డుల వారికి కావలసింది ఫర్మ్‌వేర్, అంటే కార్డులోకి ఎక్కించే చిన్న సాఫ్ట్‌వేర్. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి దాన్ని నాన్‌ఫ్రీ ఫర్మ్‌వేర్ (non-free-firmware) అనే ప్రత్యేక విభాగంలో ఉంచారు. ఆ పేరు, ప్యాకేజీలు ఎక్కడి నుంచి రావాలో చెప్పే సోర్సెస్ జాబితాలో చేర్చకపోతే కొత్త ఫర్మ్‌వేర్ ప్యాకేజీ రాదు.

తెర లేకపోయినా లోపలికి వెళ్లే దారి ఒకటి ఉంచుకోండి. నెట్‌వర్క్ ద్వారా లాగిన్ కానిచ్చే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ పెట్టి, మరో కంప్యూటర్ నుంచి లాగిన్ అయి చూడండి. కొత్త కెర్నల్ కుదురుకునే దాకా పాతదాన్ని తొలగించకండి. అత్యవసరమైతే గ్రబ్‌లో ఇంగ్లీషు ఇ (e) నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ (nomodeset) చేర్చి బూట్ చేయవచ్చు. దాన్ని శాశ్వతంగా ఉంచేయకండి: అది ఉన్నంతసేపు నువో, రేడియాన్ డ్రైవర్లు పనిచేయవు. లోపలికి వెళ్లాక ఎక్స్ఆర్గ్ లాగ్‌లో రెండు ఇ అక్షరాల (EE) గుర్తున్న వరుసలు, కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) కమాండ్‌లో ఫర్మ్‌వేర్ ఫిర్యాదులు చూడండి.

గ్రబ్ మెనూలోనే గీతలు, రంగు చుక్కలు కనిపిస్తే మాత్రం డ్రైవర్ల సంగతి పక్కన పెట్టండి. పవర్ తీసి, కార్డు బయటికి లాగి, ఫ్యాన్‌లో దుమ్ము, ఉబ్బిన కెపాసిటర్లు ఉన్నాయేమో చూడండి. వీలైతే వేరే కేబుల్‌తో, వేరే మానిటర్‌తో కూడా ప్రయత్నించండి.