నాన్న పోయాక పార్టిషన్ కేసు మన చేతికొస్తే (ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం వైపు వాళ్లకి)

తాతల నాటి కేసు మన నెత్తిన పడగానే అందరూ కొత్త లాయర్ కోసం తిరుగుతారు, నన్నడిగితే అది తర్వాత, ముందు కేసులో పేరున్న వాళ్లలో ఎవరు బతికున్నారో ఎవరు లేరో చూడండి.

కేసులో పార్టీ (అంటే పేరున్న మనిషి) చనిపోతే 90 రోజుల్లోపు వారసుల పేర్లు ఎక్కించమని పిటిషన్ వెయ్యాలి, లేదంటే ఆ మనిషి వరకు కేసు అబేట్ అయిపోద్ది (అంటే అక్కడితో ఆగిపోద్ది), పంపకాల కేసులో వాటాదారులంతా ఉండాలి కాబట్టి మొత్తం కేసుకే ఎసరు రావచ్చు. ఆ అబేట్‌ని తీయించుకోడానికి ఇంకో 60 రోజులు, అదీ దాటితే లేటెందుకయ్యిందో చెప్పుకుని జడ్జి గారిని బతిమాలుకోవడమే. మనవాళ్లతో గొడవేంటంటే పెదనాన్న వాళ్లతో మాటల్లేవు, ఆయన విజయనగరంలో కొడుకు దగ్గర పోయినా మనకి ఎప్పుడో ఎవరి పెళ్లిలోనో తెలుస్తాది. అందుకే ఆ ఇంట్లో వదినో మరదలో ఒకరి నంబర్ ఉంచుకోండి (పంతాలన్నీ మగాళ్లకే, ఆడవాళ్ల ఫోన్లు ఎప్పుడూ ఆగలేదు), డెత్ సర్టిఫికెట్ కాపీ కూడా వాళ్ల దగ్గరే దొరుకుద్ది.

వంశవృక్షం రాసేటప్పుడు మేనత్తల్ని వదిలెయ్యొద్దు. కట్నం ఇచ్చేశాం కదా అంటే కోర్టు వినదు, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కొచ్చింది, అప్పటికి తండ్రి బతికుండక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆడవాళ్లకి లీగల్ ఎయిడ్ లాయర్ ఫ్రీ, ఆదాయం కూడా అడగరు.

ఇక కాగితాలు. 1936 ఏప్రిల్ 1 దాకా మనది మద్రాసు ప్రెసిడెన్సీ, అందుకే ముత్తాత దస్తావేజు తెలుగులో ఉంటాది, ఇప్పటి పట్టా ఒడియాలో. దస్తావేజులో "ఉత్తరం చెరువు గట్టు, తూర్పు ఫలానా వారి మడి" అని ఉంటే భూలేఖ్‌లో (ఒడిశా ప్రభుత్వం ఆన్‌లైన్ భూమి రికార్డులు) ప్లాట్ నంబరే కనిపిస్తాది, రెండూ ఒకే భూమని చూపించడం మన పని. ఒడియా అనువాదం చేయించి, పాత నంబర్ల పక్కన కొత్త నంబర్లు వేసి ఒక టేబుల్ లాయర్‌కి ఇవ్వండి.

కేసు మధ్యలో ఎవరైనా వాటా అమ్మేసినా కంగారొద్దు, కొన్నవాడు కూడా తీర్పుకి కట్టుబడాల్సిందే. ప్రిలిమినరీ డిక్రీ (మొదటి తీర్పు) రాగానే స్వీట్లు పంచేసి కూర్చోవద్దు, అందులో ఎవరి వాటా ఎంతో మాత్రమే ఉంటాది, కొలతలు వేయించి ఫైనల్ డిక్రీ తెచ్చుకోవాలి.

రాజీ కుదిరితే లోక్ అదాలత్ మంచిదే, కోర్టు ఫీజు వెనక్కొస్తాది, కానీ అప్పీల్ ఉండదు, కాబట్టి సంతకానికి ముందు పొలంలోకి దారెటో, బావి నీళ్లు ఎవరికో కూడా రాయించుకోండి, అది వదిలేస్తే మళ్లీ ఇంకో కేసే.