ఇంట్లో ఫ్లైట్ సిమ్ సెటప్: ముందు చేతిలో లివర్ సంగతి, తర్వాతే పీసీ సంగతి

ఫ్లైట్ సిమ్ సెటప్ అనగానే అందరి చూపూ గ్రాఫిక్స్ కార్డ్ మీదకే పోతుంది. నా లెక్క వేరు. రన్‌వే మీదకి దిగేటప్పుడు విమానం ముక్కు పైకీ కిందకీ ఊగిపోతోందంటే చాలాసార్లు తప్పు స్క్రీన్‌ది కాదు, చేతిలో ఉన్న స్టిక్‌ది, ఇంకా చెప్పాలంటే దాని లోపలున్న సెన్సార్‌ది. ఎంత పెద్ద కార్డ్ పెట్టినా ఆ ఊగుడు పోదు, కాకపోతే మంచి క్లారిటీతో ఊగుతుంది అంతే. అందుకే ముందు ఒక థ్రాటిల్ క్వాడ్రంట్ (ఇంజన్ పవర్ పెంచే తగ్గించే లివర్ ఉన్న పెట్టె) సొంతంగా చేసుకోవడం, తర్వాత బటన్ బాక్స్ (కాక్‌పిట్ స్విచ్‌ల పెట్టె), చివర్లో పీసీ ట్యూనింగ్, ఈ వరసలో చెప్తాను.

థ్రాటిల్‌తోనే ఎందుకంటే దానికి స్ప్రింగ్ అక్కర్లేదు, సెంటర్‌కి తిరిగి రావక్కర్లేదు, పెట్టిన చోట ఆగితే చాలు. ఏకంగా యోక్‌తోనో (విమానం స్టీరింగ్) రడ్డర్ పెడల్స్‌తోనో (ముక్కుని పక్కలకి తిప్పే కాలి పెడల్స్) మొదలెట్టినవాళ్ళు సగంలో వదిలేసి అటకెక్కించేయడం మామూలే.

లివర్ కదలికని పీసీకి చేరవేసే చిన్న సర్క్యూట్ బోర్డ్ విషయం తేలిక. ఆర్డ్వినో లియొనార్డో గానీ ప్రో మైక్రో గానీ తీసుకోండి, రెండింట్లోనూ ఉండేది ఏటీమెగా32యూ4 చిప్, అది నేరుగా యూఎస్‌బీ మాట్లాడుతుంది కాబట్టి విండోస్ దాన్ని జాయ్‌స్టిక్ లాగే చూస్తుంది, వేరే డ్రైవర్ పని లేదు. ఇంట్లో పాత ఊనో (ఆర్3) బోర్డ్ పడుంది కదా అని దాంతో మొదలెట్టకండి, అందులో మెయిన్ చిప్‌కి యూఎస్‌బీ లేదు, తలనొప్పి. జాయ్‌స్టిక్ లైబ్రరీ ఒకటి ఎక్కించుకుంటే కోడ్ ఇరవై ముప్పై లైన్లకి మించదు. కోడ్ జోలికే పోనంటే ప్రో మైక్రోకి ఎంఎంజాయ్2, ఎస్‌టీఎం32 బ్లూ పిల్ బోర్డ్‌కి ఫ్రీజాయ్ అని రెడీమేడ్ ఫర్మ్‌వేర్లు ఉన్నాయి, అన్నీ స్క్రీన్ మీద టిక్కులు పెట్టుకుంటూ సెట్ చేసేయొచ్చు.

అసలు కథ సెన్సార్ దగ్గర. మామూలు పొటెన్షియోమీటర్ (పొట్టిగా పాట్, తిప్పితే వోల్టేజ్ మారే నాబ్) ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు 300 డిగ్రీలు తిరుగుతుంది. మన లివరేమో మహా అయితే 60 డిగ్రీలు కదులుతుంది. లివర్‌ని నేరుగా పాట్ షాఫ్ట్‌కి బిగించేస్తే దాని మొత్తం తిరుగుడులో అయిదో వంతే వాడుతున్నట్టు. ప్రో మైక్రోలో ఆ వోల్టేజ్‌ని అంకెగా మార్చేది 10 బిట్ కన్వర్టర్, అంటే 0 నుంచి 1023 వరకూ 1024 మెట్లు, అందులో మనకి దక్కేది 200 చిల్లర. థ్రాటిల్‌కి ఇది నడిచిపోతుంది. ఇదే ఎలివేటర్‌కి (ముక్కుని పైకీ కిందకీ తిప్పే కంట్రోల్) చేస్తే ముక్కు మెట్లు మెట్లుగా లేస్తుంది. చిక్కేమిటంటే కాలిబ్రేషన్ చేశాక విండోస్‌లో బార్ ఈ చివర నుంచి ఆ చివరకి నిండుగా కదులుతుంది, చూడ్డానికి అంతా బానే ఉంటుంది, కానీ కాలిబ్రేషన్ లేని మెట్లని పుట్టించలేదు, ఉన్న 200నే సాగదీస్తుంది.

దీనికి రెండు దార్లు. ఒకటి, లివర్ షాఫ్ట్‌కి పెద్ద పళ్ళచక్రం, పాట్‌కి దానిలో నాలుగో వంతు పళ్ళున్న చిన్న చక్రం పెడితే 60 డిగ్రీలు కాస్తా 240 అవుతుంది. చక్రాల మధ్య వదులు లేకుండా చిన్న స్ప్రింగ్‌తో ఒకవైపుకి లాగి ఉంచాలి. రెండోది ఏడీఎస్1115 లాంటి 16 బిట్ కన్వర్టర్ బోర్డ్ మధ్యలో పెట్టడం, ఇది నాలుగు వైర్ల పని. పాట్ కొనేటప్పుడు 10కే, లీనియర్ అని చూసుకోండి, పేరులో బీ అక్షరం ఉండేది సాధారణంగా అదే. ఏ అక్షరం ఉండేవి వాల్యూమ్ కంట్రోల్ కోసం చేసినవి, సగం దూరం వరకూ ఇంజన్ నిద్రపోయి ఆ తర్వాత ఒక్కసారిగా లేస్తుంది.

వైరింగ్‌లో చివరి రెండు కాళ్ళకీ 5 వోల్టులూ గ్రౌండూ, మధ్య కాలు అనలాగ్ పిన్‌కి. చివరివి రెండూ అటూ ఇటూ మారినా నష్టం లేదు, యాక్సిస్ తిరగబడుతుంది, సిమ్‌లో రివర్స్ టిక్ పెట్టుకుంటే సరి. కానీ మధ్య కాలుకి పొరపాటున గ్రౌండ్ ఇచ్చారనుకోండి, లివర్‌ని 5 వోల్టుల చివరకి తోయగానే షార్ట్ అవుతుంది, పాట్ పోతుంది, టైం బాగోకపోతే బోర్డ్ కూడా. కాబట్టి యూఎస్‌బీకి గుచ్చేముందు మల్టీమీటర్‌తో ఒకసారి చూసుకోండి.

పాట్‌లో కార్బన్ పట్టీ అరుగుతుంది, దుమ్ము చేరుతుంది, కొన్నాళ్ళకి నంబర్లు ఎగురుతాయి. ఇది వద్దనుకుంటే హాల్ సెన్సార్, అంటే అయస్కాంత బలాన్ని కొలిచే సెన్సార్. 49ఈ అనే మూడు కాళ్ళ లీనియర్ సెన్సార్ చాలా చోట్ల దొరుకుతుంది. తిరిగే షాఫ్ట్ చివర ఒక చిన్న కప్పు లాంటిది చేసి, అందులో రెండు చిన్న నియోడిమియం మాగ్నెట్లని ఎదురెదురుగా, ఒకదాని నార్త్ రెండోదాని సౌత్‌ని చూసేలా అతికించి, సరిగ్గా మధ్యలో సెన్సార్‌ని కదలకుండా నిలబెట్టాలి. మాగ్నెట్లు తిరుగుతాయి, సెన్సార్ తిరగదు, ఒకదానికొకటి తగలవు, అందుకే అరుగుదల లేదు. 5 వోల్టులు ఇస్తే మధ్య స్థానంలో 2.5 దగ్గర ఉంటుంది, ఒక వైపు తిప్పితే పెరుగుతుంది, రెండో వైపు తిప్పితే తగ్గుతుంది. మధ్య నుంచి రెండు వైపులా 30 డిగ్రీల లోపు వరకూ గ్రాఫ్ దాదాపు తిన్నగానే ఉంటుంది, 45 దాటితే బాగా వంగిపోతుంది, కాబట్టి మన 60 డిగ్రీల లివర్‌కి అతికినట్టు సరిపోతుంది. లివర్ ఇంకా కదులుతున్నా చివర్లో నంబర్ ఆగిపోయిందంటే మాగ్నెట్లు మరీ దగ్గరైనట్టు, ఎడం పెంచండి. చుట్టుపక్కల ఇనుప స్క్రూలు వద్దు, ఇత్తడివో నైలాన్‌వో వాడండి.

మెకానికల్ పని: ప్లైవుడ్ పక్కలు, ఎం8 బోల్ట్ ఇరుసుగా, స్కేటింగ్ చక్రాల్లో ఉండే 608 బేరింగ్‌లు. వాటి లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 22, ఎం8కి సరిగ్గా కూర్చుంటాయి. లివర్‌కి రెండు పక్కలా ఫెల్ట్ వాషర్ పెట్టి నైలాక్ నట్‌తో బిగిస్తే రాపిడి మీకు కావాల్సినంత వస్తుంది, చెయ్యి తీసినా లివర్ అక్కడే ఉండాలి, వేలితో తోస్తే మెల్లగా కదలాలి. మామూలు నట్ వాడితే వారంలో వదులైపోతుంది.

బిగించాక ఆటలోకి పరిగెత్తకండి. ముందు సీరియల్ మానిటర్‌లో (ఆర్డ్వినో సాఫ్ట్‌వేర్‌లో బోర్డ్ పంపేది కనిపించే కిటికీ) పచ్చి నంబర్లు చూడండి. లివర్ ముట్టుకోకుండా వదిలేస్తే రెండు మూడు అంకెలు అటూ ఇటూ ఆడడం మామూలే. పది దాటి ఆడుతోందంటే నాయిస్. బోర్డ్ దగ్గర అనలాగ్ పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 100 నానోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టండి, కోడ్‌లో ఒక్కో రీడింగ్‌కి 16 సార్లు చదివి సగటు తీయండి, చాలామటుకు అణిగిపోతుంది. అలాగని ఫిల్టర్ మరీ ఎక్కువ పెడితే ఇంకో జబ్బు పట్టుకుంటుంది. చెయ్యి కదిపిన కాసేపటికి విమానం కదులుతుంది, చాల్లేదనుకుని మనం ఇంకాస్త లాగుతాం, అంతలో మొదటిది అందుకుంటుంది, అప్పుడు వెనక్కి తోస్తాం, ఇలా ఊగుడు మనమే పుట్టిస్తాం. థ్రాటిల్‌కి ఫిల్టర్ గట్టిగా ఉన్నా పర్లేదు, ఎలివేటర్‌కీ ఎయిలరాన్‌కీ (రెక్కల్ని పక్కకి వాల్చే కంట్రోల్) మాత్రం వీలైనంత తక్కువ.

స్ప్రింగ్ ఉన్న స్టిక్ అయితే ఇంకో పరీక్ష ఉంది. ఎడమ నుంచి మెల్లగా వదిలి ఎక్కడ ఆగిందో నంబర్ రాసుకోండి, తర్వాత కుడి నుంచి వదిలి రాసుకోండి. ఒకసారి 505, ఒకసారి 520 వచ్చిందనుకోండి, ఆ 15 అంకెల తేడా లోపలి వదులూ రాపిడీ. డెడ్‌జోన్ (మధ్యలో స్టిక్ కదిలినా సిమ్ పట్టించుకోని మేర) దానికి సరిపడా పెడితే చాలు, అంతకన్నా ఎక్కువ పెడితే మధ్యలో స్టిక్ చచ్చిపోయినట్టుంటుంది. డెడ్‌జోన్ 10 శాతం పెట్టాల్సి వస్తోందంటే సెట్టింగ్స్ వదిలేసి స్క్రూడ్రైవర్ పట్టుకోవాల్సిన టైం వచ్చినట్టు.

బటన్ బాక్స్‌కి వద్దాం. పిన్‌కి ఒక బటన్ చొప్పున పెడితే ప్రో మైక్రో పిన్‌లు ఇట్టే అయిపోతాయి, అందుకని మ్యాట్రిక్స్, అంటే గళ్ళ వైరింగ్, 5 అడ్డవరసలూ 5 నిలువువరసలూ, 10 పిన్‌లతో 25 స్విచ్‌లు. ఇక్కడ చాలామంది కరెంట్‌ని ఒక్క వైపే పోనిచ్చే డయోడ్‌లు దండగ అని వదిలేస్తారు. కీబోర్డ్‌లో ఒకేసారి నాలుగు కీలు నొక్కి ఉంచేది అరుదు, కానీ కాక్‌పిట్‌లో బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఫ్యూయల్ పంప్, లైట్లు, ఈ టాగుల్ స్విచ్‌లన్నీ గంటల తరబడి ఆన్‌లోనే ఉంటాయి. మ్యాట్రిక్స్‌లో ఒక చతురస్రానికి మూడు మూలల్లో ఉన్న స్విచ్‌లు ఆన్‌లో ఉంటే నాలుగోది కూడా ఆన్‌లో ఉన్నట్టే బోర్డ్‌కి కనిపిస్తుంది, గాల్లో ఉండగా మీరు ముట్టుకోని స్విచ్ దానంతటదే పడుతుంది. ప్రతి స్విచ్‌కీ ఒక 1ఎన్4148 డయోడ్ పెట్టేయండి. నిలువువరసలకి పుల్అప్ (స్విచ్ నొక్కనప్పుడు పిన్‌ని హైలో ఉంచే రెసిస్టర్) ఇచ్చి అడ్డవరసలని ఒక్కొక్కటిగా లో చేసే పద్ధతి అయితే డయోడ్ మీది నల్ల గీత అడ్డవరస వైపు ఉండాలి.

టాగుల్ స్విచ్‌లని సిమ్‌లో టాగుల్ అనే కమాండ్‌కి కట్టకండి. పేరు చూసి అదే కరెక్ట్ అనిపిస్తుంది, కానీ సిమ్ మొదలయ్యేసరికి మీ స్విచ్ కిందకీ సిమ్‌లోది పైకీ ఉంటే ఇక ఆ ఫ్లైట్ అంతా తిరగబడే నడుస్తుంది. పైకి వేస్తే ఆన్ కమాండ్, కిందకి వేస్తే ఆఫ్ కమాండ్, విడివిడిగా కట్టాలి. బోర్డ్‌ని సిమ్‌తో కలిపే మొబీఫ్లైట్ అనే సాఫ్ట్‌వేర్‌లో నొక్కినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి ఇచ్చుకోవచ్చు. ఇంకొకటి, విండోస్‌లోని జాయ్ డాట్ సీపీఎల్ కిటికీ 32 బటన్‌ల వరకే చూపిస్తుంది, 33వది వెలగలేదని సోల్డరింగ్ ఊడదీయకండి, సిమ్‌లో చూడండి.

యూఎస్‌బీ దగ్గర రెండు ముక్కలు. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ హబ్‌ల పవర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళి కరెంట్ ఆదా కోసం డివైస్‌ని ఆపేసే టిక్ తీసేయండి, గంటసేపు క్రూజ్‌లో ఉన్నాక పెడల్స్ మాయమవడానికి తరచూ అదే కారణం. బోర్డ్‌లు మూడు నాలుగు దాటితే సొంత అడాప్టర్ ఉన్న హబ్ తీసుకోండి. రెండు ప్రో మైక్రోలు ఉంటే వాటికి వేర్వేరు పేర్లు పెట్టండి, లేకపోతే ఏది ఏదో సిమ్‌కీ తెలియదు మీకూ తెలియదు.

ఇప్పుడు పీసీ. ఏదైనా కొనేముందు ఒక్క పరీక్ష. ఎప్పుడూ ఎగిరే ఎయిర్‌పోర్ట్‌లో, అదే వాతావరణం, అదే టైం పెట్టి ఫ్రేమ్‌లు చూడండి. తర్వాత రెజల్యూషన్ గానీ రెండర్ స్కేలింగ్ గానీ సగానికి దించండి. ఫ్రేమ్‌లు జంప్ అయితే కార్డ్ మీద భారం. అక్కడే ఉండిపోతే ప్రాసెసర్ మీద, అంటే కొత్త కార్డ్ కొన్నా మారేది ఏమీ లేదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో అయితే డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఫ్రేమ్ కౌంటర్ పెడితే మెయిన్ థ్రెడ్ (ప్రాసెసర్ మీద సిమ్ ముఖ్యమైన పని) వల్ల ఆగుతోందా జీపీయూ (గ్రాఫిక్స్ కార్డ్) వల్ల ఆగుతోందా అని అదే రాసి చూపిస్తుంది. పెద్ద ఎయిర్‌పోర్ట్, గ్లాస్ కాక్‌పిట్ (మీటర్ల బదులు స్క్రీన్‌లు) ఉన్న ఎయిర్‌లైనర్, రెండూ కలిస్తే తరచూ కనిపించేది మెయిన్ థ్రెడే.

మెయిన్ థ్రెడ్ అయితే టెర్రైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్, ఆబ్జెక్ట్ లెవెల్ ఆఫ్ డీటెయిల్, ఏఐ ట్రాఫిక్, కాక్‌పిట్ స్క్రీన్‌ల రిఫ్రెష్ రేటు, ఈ నాలుగూ దించండి. జీపీయూ అయితే మేఘాలు, నీడలు, రెండర్ స్కేలింగ్. ఒకసారికి ఒక్కటే మార్చండి, నాలుగూ కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తేలదు. ఇక ప్రాసెసర్ మార్చక తప్పదనుకుంటే కోర్ల సంఖ్య చూసి మురిసిపోకండి, క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) చూడండి. మామూలు రైజన్ 7 5800ఎక్స్‌లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ అయితే 2022లో వచ్చిన 5800ఎక్స్3డీలో 96 ఎంబీ, కోర్లు మాత్రం రెండింట్లోనూ ఎనిమిదే. సిమ్‌లలో ఆ క్యాష్ తేడా బాగా తెలుస్తుంది. పాత ఏఎం4 సాకెట్ మదర్‌బోర్డ్ ఉన్నవాళ్ళు చాలామంది బయాస్ అప్‌డేట్ చేసి చిప్ ఒక్కటి మార్చుకుని బయటపడ్డారు.

ర్యామ్ 32 జీబీ పెట్టుకోండి, రెండు స్టిక్‌లుగా, నాలుగు స్లాట్‌లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ, మీ బోర్డ్ మాన్యువల్ చూసి నిర్ధారించుకోండి. డబ్బా మీద 6000 అని ఉన్నా డీడీఆర్5 మామూలుగా 4800 దగ్గరే బూట్ అవుతుంది, బయాస్‌లో ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేస్తేనే ఆ స్పీడ్ వచ్చేది. ఏళ్ళ తరబడి ఇది ఆన్ చేయకుండానే వాడేవాళ్ళు ఉన్నారు.

ఫ్రేమ్‌ల పిచ్చి కూడా కొంచెం తగ్గించుకోవాలి. ఇది షూటింగ్ గేమ్ కాదు. 35కీ 60కీ మధ్య ఎగిరెగిరి పడేకన్నా కదలకుండా 30 వస్తే కంటికీ చేతికీ హాయి. 60 హెర్ట్జ్ మానిటర్ అయితే 30కి లాక్ చేయండి, 120 అయితే 40కి, ఒక్కో ఫ్రేమ్ సరిగ్గా మూడు రిఫ్రెష్‌లు నిలుస్తుంది. ఎక్స్-ప్లేన్‌లో మాత్రం 20 కిందకి పోనివ్వకండి, అప్పుడు అది సిమ్‌లో కాలాన్నే నెమ్మది చేసేస్తుంది, మీ గడియారంలో పది నిమిషాలైతే అక్కడ అంత కాదు.

సిమ్‌కి పెద్ద అప్‌డేట్ వచ్చేముందు కంట్రోల్ ప్రొఫైల్‌లూ, మొబీఫ్లైట్ ఫైలూ, ఆర్డ్వినో కోడూ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఇదంతా అయ్యాక రడ్డర్ పెడల్స్ మొదలెడితే, బేస్ కింద రబ్బరు షీట్ వేయండి, కుర్చీకి చక్రాలుంటే తీసేయండి లేదా పెడల్స్‌ని కుర్చీకే బెల్ట్‌తో కట్టేయండి, లేకపోతే బ్రేక్ గట్టిగా తొక్కినప్పుడు విమానం ఆగుతుంది గానీ మీరు వెనక్కి వెళ్ళిపోతారు.