చవక డిస్‌ప్లే కన్వర్టర్ ఆర్డర్ పెట్టేముందు ఇవి చూసుకోండి

పాత సీపీయూకి కొత్త మానిటర్ తగిలించాలన్నా, కొత్త లాప్‌టాప్‌ని పాత మానిటర్‌లో చూడాలన్నా మధ్యలో ఒక కన్వర్టర్ కావాలి. చవకది కొనడంలో తప్పేం లేదండి, నేనూ చవకదే కొనమంటాను, కాకపోతే సిగ్నల్ ఎటు నుంచి ఎటు వెళ్తుందో చూసుకోకుండా కొంటే మాత్రం ఎంత తక్కువ ధర పెట్టినా అది దండగే.

అసలు ముందు కన్వర్టర్ అవసరమా లేదా తేల్చుకోండి. మానిటర్ వెనక్కి వంగి ఫోన్ టార్చ్ వేసి చూడండి, చాలావాటికి రెండు మూడు పోర్టులు ఉంటాయి, మనం రోజూ వాడే నీలం వీజీఏ ఒక్కటే కళ్ళకి కనిపిస్తుంది అంతే. పక్కనే తెల్లటి డీవీఐ ఉండి కంప్యూటర్‌కి హెచ్‌డీఎంఐ ఉంటే మామూలు హెచ్‌డీఎంఐ-డీవీఐ కేబుల్ సరిపోతుంది, రెండూ డిజిటలే కాబట్టి మార్చడానికి చిప్ అక్కర్లేదు. డెస్క్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే కేబుల్ ఆ కార్డుకే పెట్టండి. పైన మదర్‌బోర్డ్ పోర్టుకి పెట్టి బొమ్మ రావట్లేదని కన్వర్టర్ వెతుక్కునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

అవసరమే అని తేలితే ఇక దిక్కు సంగతి. వీజీఏ 1987లో ఐబీఎం తెచ్చింది, 15 పిన్నులు, అనలాగ్ సిగ్నల్. హెచ్‌డీఎంఐ 19 పిన్నులు, పూర్తిగా డిజిటల్. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చే చిప్ ఒకవైపే పనిచేస్తుంది, అందుకే 'వీజీఏ టు హెచ్‌డీఎంఐ' వేరు, 'హెచ్‌డీఎంఐ టు వీజీఏ' వేరు. కంప్యూటర్‌కి ఉన్న పోర్ట్ పేరు ముందు, మానిటర్‌ది తర్వాత, ఇది కాగితం మీద రాసుకుని ఆ వరసలోనే వెతకండి. డిస్‌ప్లేపోర్ట్ అని హెచ్‌డీఎంఐ లాంటిదే ఇంకో డిజిటల్ పోర్ట్ ఉంటుంది, డిస్‌ప్లేపోర్ట్-హెచ్‌డీఎంఐ కేబుల్ కూడా ఇంతే, కంప్యూటర్‌వైపు డిస్‌ప్లేపోర్ట్ ఉంటేనే పనికొస్తుంది, తిప్పి పెడితే బొమ్మ రాదు. ఇంకోటి, అటు హెచ్‌డీఎంఐ ఇటు వీజీఏ పిన్నులు పెట్టి లోపల చిప్పే లేకుండా ఉత్త వైర్లతో అమ్మే కేబుల్స్ కూడా ఉన్నాయి, అవి అన్నిటికంటే చవగ్గా దొరుకుతాయి, మామూలు కంప్యూటర్‌కి ఎందుకూ పనికిరావు.

డీవీఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న ముక్క కొనేటప్పుడు కంప్యూటర్ డీవీఐ పోర్టుని దగ్గరగా చూడండి. ఒక చివర బల్లపరుపు గాడి ఉంటుంది కదా, దాని పైనా కిందా నాలుగు రంధ్రాలు ఉంటే అది డీవీఐ-ఐ, అనలాగ్ సిగ్నల్ ఆ నాలుగింట్లోంచే వస్తుంది. గాడి ఒక్కటే ఉంటే డీవీఐ-డి, దానికి ఈ ముక్క పనిచేయదు. పట్టట్లేదని ముక్కకున్న ఆ నాలుగు పిన్నులు విరిచి దూర్చేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి, దూరినా బొమ్మ రాదు.

పవర్ విషయం ఎవరూ పట్టించుకోరు గానీ సగం గొడవలు అక్కడివే. హెచ్‌డీఎంఐ పోర్ట్ 5 వోల్టులు ఇస్తుంది నిజమే, కానీ స్టాండర్డ్ ప్రకారం గ్యారంటీగా వచ్చేది 55 మిల్లీయాంప్‌లే. కన్వర్టర్‌కి అది చాలకపోతే స్క్రీన్ మిణుకుమిణుకుమంటుంది, మధ్యమధ్యలో పోయి వస్తుంది. అందుకని యూఎస్‌బీ పవర్ వైర్ ఉన్న మోడలే తీసుకోండి. వీజీఏ టు హెచ్‌డీఎంఐ అయితే అది ఉండి తీరాలి, దాంతోపాటు ఆడియో జాక్ కూడా, ఎందుకంటే వీజీఏలో సౌండ్ రాదు. గుండ్రటి పిన్ అడాప్టర్‌తో వచ్చే డబ్బా అయితే దాని అడాప్టర్ దానికే వాడండి, పిన్ పట్టిందని 12 వోల్టులది గుచ్చితే 5 వోల్టుల డబ్బా కాలిపోతుంది.

పెట్టె మీద 4కే అని ఉంటే పొంగిపోకండి, హెచ్‌డీఎంఐ టు వీజీఏలో మామూలుగా దొరికేవి 1080పీ 60 హెర్ట్జ్ దాకానే. ఎరుపు పసుపు తెలుపు గుండ్రటి పిన్నులుండే ఆడియో-వీడియో (ఏవీ) డబ్బాలు కంప్యూటర్‌కి వద్దు, 480 లేదా 576 గీతల బొమ్మని సాగదీసి 1080పీ అంటారు, అక్షరాలు చదవలేం. అమీగా లాంటి 1980ల నాటి హోమ్ కంప్యూటర్ ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. అవి దాదాపు 15 కిలోహెర్ట్జ్ సిగ్నల్ (అంటే సెకనుకి దాదాపు 15 వేల గీతలు) ఇస్తాయి, వీజీఏ మొదలయ్యేదే 31.5 కిలోహెర్ట్జ్ దగ్గర, కాబట్టి 15 కిలోహెర్ట్జ్ తీసుకుంటుందని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. లాప్‌టాప్‌లో టైప్-సి ఉంటే అందులోంచి డిస్‌ప్లే వస్తుందో లేదో స్పెసిఫికేషన్‌లో చూడండి, అన్ని టైప్-సిల్లోంచీ రాదు.

తగిలించేటప్పుడు రెండువైపులా పవర్ ఆపేయండి, వీజీఏ పిన్ను ఒంగకుండా నిటారుగా తోసి స్క్రూలు బిగించండి, డబ్బా బరువు పోర్టుకి వేలాడనివ్వకండి. వచ్చిన రోజే టెస్ట్ చేయండి, ఒక గంట ఆపకుండా నడిపి వేడెక్కాక బొమ్మ నిలకడగా ఉందా, చిన్న అక్షరాలు చదవగలుగుతున్నారా, మీరు చూసే సినిమా యాప్ నల్లగా అయిపోతోందా అన్నీ చూడండి. కాపీ రక్షణ ఉన్న వీడియోలు వీజీఏ దారిలో చాలాసార్లు రావు, అది కన్వర్టర్ పాడైనట్టు కాదు, కానీ మీకు సినిమాలే ముఖ్యమైతే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి ఇచ్చేయండి, అప్పటిదాకా ప్యాకింగ్ పారేయకండి.